'చాలా సులువు' చుట్టూ సున్నా

మధ్యాహ్నం మూడింటికి మా స్నానశాలకి వచ్చేవాళ్ళంతా ముసలివాళ్ళే. ఒళ్ళు రుద్దుకుని, వేడినీళ్ళ తొట్టిలో నాని, బయటి గదిలో చల్లటి పాల సీసా తాగందే ఇంటికెళ్ళరు. ఆ రోజు చుబోయి, సెగావా ఇద్దరే ఉన్నారు. నేను తువ్వాళ్ళు మడతపెడుతున్నాను. గ్రంథాలయంలో పుస్తకాలిచ్చే కౌంటర్ ఎత్తేశారన్న మాట వచ్చింది. అంతే, నలభయ్యేళ్ళు గడ్డి చాపలు కుట్టిన చుబోయి గొంతు సవరించుకున్నాడు.

"ఎత్తేస్తే ఏమైందయ్యా? అదంతా నా చేతిమీదుగా జరిగిందే. మొన్న చలికాలం కొత్త వెబ్‌సైట్ పెట్టి, వాడటం సులువో కాదో చూద్దామని ఎనిమిదిమంది పెద్దవాళ్ళని పిలిచారా, అందులో మొదటి పేరు నాదే. ఒకమ్మాయి స్టాప్‌వాచ్ పట్టుకుని పక్కన నిలబడి, ఫలానా పుస్తకం వెతికి మీ పేరున పెట్టించండి అంది. పది సెకన్లు. పదంటే పదే. ఆ పిల్ల వాచీ నొక్కేలోపే అయిపోయింది."

నిజంగానా అన్నాను, ఊరుకోలేక.

"నిజంగానా ఏంటి హమానోగారూ, వినండి. ఇంకోటిచ్చింది, కళ్ళు మూసుకుని పట్టేశాను. ఇరవై ఇచ్చింది, కుడిచేత్తో టీ తాగుతూ ఎడంచేత్తో పట్టేశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా వేగానికి తట్టుకోలేక కంప్యూటర్లోంచి పొగలొచ్చాయి. ఆపండి మహాప్రభో అని తెరమీద అక్షరాలు పడ్డాయి. టోక్యో నుంచి ప్రొఫెసరొకడు పరిగెత్తుకొచ్చి, నడుం వంచి దణ్ణం పెట్టినవాడు పెట్టినట్టే ఉండిపోయాడు, సాయంత్రం మేయరే వచ్చి లేపాల్సొచ్చింది. అప్పటికి నేను బటన్ కూడా నొక్కట్లేదు, మనసులో అనుకుంటే చాలు, పుస్తకాలు అరల్లోంచి దిగి వరసకట్టి మా వీధికి నడిచొచ్చేస్తున్నాయి, దారిలో సిగ్నల్ ఎర్ర దీపం దగ్గర ఆగి మరీ. ఇంత సులువైనప్పుడు కౌంటరెందుకు, అందులో మనిషెందుకు అన్నాడు మేయరు. మీ ఇష్టం అన్నాను. ఇంకా కౌంటర్ కావాలని ఏడ్చేవాళ్ళు బుర్ర పనిచెయ్యనివాళ్ళేనయ్యా."

నాకు నవ్వొచ్చింది. సెగావా నవ్వలేదు. చేతిలో పాల సీసా మూత కూడా తియ్యలేదు.

"ఆ రోజు నీ పక్క కుర్చీ నాదే చుబోయీ," అన్నాడు. "ముప్పావుగంట కూర్చున్నావు. కార్డు నంబరు కొట్టిన ప్రతిసారీ తప్పంటూ ఎర్రక్షరాలు. మన జపనీస్ కీబోర్డులో అంకెలు రెండు రకాలు పడతాయి కదా, వెడల్పువీ సన్నవీ, వాటిలో ఏవి కావాలో అది చెప్పి చావదు. నీకూ తెలీలేదు, నాకు ఇవాళ్టికీ తెలీదు. ఆ అమ్మాయేమో తప్పంతా తనదైనట్టు వంగి వంగి క్షమించమంటోంది. ఆఫీసులో తిట్లు తింటుందేమో పాపం అని, చివర్లో ఇచ్చిన కాగితంలో 'చాలా సులువు' చుట్టూ సున్నా చుట్టావు. నిన్ను చూసి నేనూ చుట్టాను. ఎనిమిదిమందిమీ చుట్టాం. ఆ కాగితాలు చూపించే ఏప్రిల్లో కౌంటర్ తీసేశారు."

చుబోయి ఏదో అనబోయాడు. సెగావా తన ఫోన్ తీసి అతని ఒళ్ళో పెట్టాడు.

"మా ఆవిడకి ఒక నవల మూడో భాగం కావాలి. చూపు పోయి మంచాన పడ్డ మనిషి, రోజూ నేను చదివితే వింటుంది. రెండో భాగం దాకా కౌంటర్లో ఓకుడాగారు వెతికి చేతికిచ్చారు. ఇప్పుడంతా ఆ వెబ్‌సైట్‌లోనేనాయె, మూడు నెలల్నించీ నా వల్ల కావట్లేదు. దొరకలేదని చెప్పలేక, పాత పుస్తకమే ముందు పెట్టుకుని నా బుర్రలోంచి అల్లి చెబుతున్నాను. నిన్న అడిగింది, ఇది పుస్తకంలోది కాదు కదండీ అని. నువ్వు తెప్పించు. పది సెకన్లు అక్కర్లేదు, పొద్దుగూకేదాకా తీసుకో."

చుబోయి కళ్ళజోడు పెట్టుకుని ఫోన్ దగ్గరగా పట్టుకున్నాడు. ఒక్కో అంకే చూసుకుని నొక్కాడు. చెరిపి మళ్ళీ నొక్కాడు. ఎర్రక్షరాలు నేను కూర్చున్నచోటికే కనిపించాయి.

"నాకు రావట్లేదు సెగావా," అన్నాడు చివరికి.

సెగావా ఫోన్ తీసుకుని, పాల సీసాని మూత తియ్యకుండానే తిరిగి ఐసుపెట్టెలో పెట్టేసి, బూట్లు వేసుకున్నాడు.

"ఈ ఒక్క ముక్క ఆ రోజు ఆ కాగితంలో రాసుంటే పోయేది," అన్నాడు. "నేనైనా రాయాల్సింది."