ఎత్తని చెయ్యి

తలుపు వేస్తావా కొంచెం? అలా కాదమ్మా, గడియ కూడా పెట్టు. తెర వెనకాల నర్సమ్మ ఉందిగా, ఆవిణ్ణి కూడా ఓసారి బయటికి పంపించు. పని లేకపోతే ఏదో ఒకటి పురమాయించి పంపించు. ఒక ముసలాడి భుజం చూడ్డానికి ఇంతమంది ఎందుకంట?

నా కూతురి వయసుదానివి, నువ్వనే అంటాను, ఏమనుకోకు డాక్టరమ్మా. ముందొక మాట చెప్పు. నువ్వు ఎవరి మనిషివి?

నవ్వకు. ఊరికే అడగడం లేదు. మా ప్రధాన కార్యదర్శి మోకాళ్ళు చూసేది నువ్వేగా? ఊళ్ళో ఇంతమంది డాక్టర్లుండగా "మన డాక్టరమ్మకే చూపించు" అన్నాడు. ఆ 'మన' దగ్గరే నాకు కాలింది. చీటీ కూడా ఆయనే రాశాడు, స్వయంగా! ఇరవై ఏళ్ళలో నాకు జ్వరమొచ్చిందో తగ్గిందో అడగని మనిషి. ఇంత ప్రేమ ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చిందంటావ్?

చొక్కానా? విప్పుతా, విప్పుతా. తొందరేముంది. ముందు విను.

నేను పొలిట్‌బ్యూరో సభ్యుణ్ణి. పార్టీ మొత్తానికి పైన తొమ్మిదిమందిమి ఉంటామే, అది. పేపర్లో 'అగ్ర నాయకత్వం' అని రాస్తారు. చూస్తే ఏముందీ? మేడ మీద ఒక గది, ఆకుపచ్చ గుడ్డ పరిచిన పొడుగు బల్ల, తొమ్మిది కుర్చీలు. నాది కిటికీ పక్కది. ఆ కిటికీ తెరుచుకోదు, అది వేరే సంగతి.

అక్కడ ఓటింగంటే ఏమనుకుంటున్నావ్? డబ్బాలూ చీటీలూ ఉండవు. కార్యదర్శి చెప్పాల్సింది చెప్పేసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటాడు. మళ్ళీ పెట్టుకునేసరికి చేతులన్నీ లేచి ఉండాలి. అంతే! లెక్కపెట్టడు. చూస్తాడు. మినిట్స్ రాసే గుమాస్తా ఉన్నాడు చూశావూ, ఆయన 'ఏకగ్రీవంగా ఆమోదించడమైనది' అని మేం మెట్లెక్కకముందే రాసిపెట్టుకుంటాడు. ఏ విషయమో రాయడానికి పైన రెండు లైన్లు ఖాళీ వదులుతాడు. ఇరవై ఏళ్ళలో ఒక్క కొట్టివేత కూడా పడలేదు ఆ పుస్తకంలో.

పోయిన సోమవారం పడేది. నావల్ల.

ఎత్తలేదమ్మా. చెయ్యి.

అబ్బ, నొప్పి దగ్గరికే వస్తున్నా! ఆ రోజు విషయం మా బావ. మా అక్క మొగుడు. ఆయనా ఆ తొమ్మిదిమందిలో ఒకడు. మీసాలు రాకముందు నన్ను పార్టీలోకి తీసుకొచ్చిందీ ఆయనే. బట్టల మిల్లులో రెండు నెలలుగా సమ్మె నడుస్తోంది కదా, దాని బాధ్యత బావకి అప్పజెప్పాం. ఉన్నట్టుండి కార్యదర్శి పేరు మీద ఆకాశరామన్న ఉత్తరం ఒకటొచ్చింది. నాలుగే లైన్లు. సమ్మె నడిపించే పెద్దమనిషి మిల్లు యజమాని జీపులో షికార్లు కొడుతున్నాడు, చూసుకోండి, అని.

జీపెక్కావా అని అడిగారు. ఎక్కానన్నాడు. ఎందుకెక్కావన్నారు. లేచి నిలబడి, "నలభై ఏళ్ళు కలిసి పనిచేశాక నన్నీ మాట అడగాలనిపించిందంటే, నేను చెప్పేదేమీ లేదు" అని కూర్చున్నాడు. పౌరుషం! ఆ పౌరుషమే కొంప ముంచింది. ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట చెప్తే అయిపోయేది.

మా దగ్గర నియమం ఏమిటంటే, ఆ తొమ్మిదిమందిలో ఒకణ్ణి గెంటెయ్యాలంటే మిగతా ఎనిమిదిమందీ చెయ్యెత్తాలి. ఏడుగురు చాలరు. కార్యదర్శి కళ్ళద్దాలు తీశాడు. నాకు దగ్గొచ్చింది. పొలమారింది. ఊపిరాడట్లేదు. బావ పక్క కుర్చీలోనే ఉన్నాడు కదా, తన ముందున్న నీళ్ళ గ్లాసు నా వైపు జరిపాడు. తనని గెంటెయ్యబోతున్నారని తెలిసీ! అలవాటు చొప్పున జరిపాడు, పెళ్ళిలో చిన్న బావమరిదికి జరిపినట్టు.

నేను గ్లాసు పట్టుకున్నా. కళ్ళద్దాలు ముక్కు మీదికొచ్చాయి. ఏడు చేతులు లేచాయి. నాది గ్లాసు మీదే ఉండిపోయింది.

"ఏం కామ్రేడ్?" అన్నాడు. ఏం చెప్పను? నోటికేదొస్తే అది. "భుజం పట్టేసింది" అన్నాను. అంతటితో ఆగానా? వేళ్ళ దాకా తిమ్మిరన్నాను, పెన్ను పట్టుకోవడానిక్కూడా రావట్లేదన్నాను. రైల్వే యూనియన్ ఆయన ఒకడున్నాడులే, "ఎడమ చెయ్యి ఎత్తండి, మనం ఎడమవైపు వాళ్ళమేగా" అన్నాడు. ఒక్కడు నవ్వితే ఒట్టు. అది కదిపినా ఇటే లాగుతోందన్నాను. అప్పటికి భుజం ఒకటే రుద్దుకుంటున్నా. బల్ల ఆ చివర్నించి ఎవరో, "గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది" అని గొణిగారు. ఎవరో తెలుసు నాకు. పేరు చెప్పనులే.

గుమాస్తా పాపం, ఏకగ్రీవం మీద గీత పెట్టాలా వద్దా అని కలం గాల్లో పట్టుకుని కూర్చున్నాడు. చివరికి సమావేశం గురువారానికి వాయిదా వేశారు. డాక్టరు కాగితం తెచ్చుకోమన్నారు. జబ్బు చేసిన సభ్యుడి చెయ్యి మిగతావాళ్ళతో పాటు లేచినట్టే లెక్కట. అలాంటి నియమం ఒకటుందని ఆ రోజే తెలిసింది!

అర్థమవుతోందా? పట్టేసిందని నువ్వు రాస్తే, బావ బయటికి. బాగానే ఉందని రాస్తే, నేను కావాలని ఎత్తలేదని. కావాలని ఎత్తకపోతే దానికి మా భాషలో ఒక పేరుంది. ముఠా. ఇద్దరం కలిసి ముఠా కట్టామంటారు.

అప్పుడే మొదలైందిలే. నా డ్రైవర్ని మార్చారు. కొత్తవాడు అద్దంలో రోడ్డు చూడడు, నన్ను చూస్తాడు. నేను వరండాలోకి వెళ్తే మాటలాగిపోతాయి, అందరూ ఒకేసారి వాతావరణం గురించి మొదలెడతారు. టీ తెచ్చే ఆయన కప్పు కుడిచేతి వైపే పెడుతున్నాడు, ఏ చేత్తో ఎత్తుతానో చూద్దామని. ఎడంచేత్తో తాగి చొక్కా మీద ఒలకబోసుకుంటున్నా. ఇంట్లో మా ఆవిడ కూడా నిన్న "నిజంగా నొప్పేనా?" అంది. దాన్ని ఎవరడగమన్నారో!

ఇదిగో, విప్పాను. చూడు.

అబ్బా! అమ్మా! చచ్చాను...

ఏంటి, ఇంకా పట్టుకోలేదా?

సరే, ఇప్పుడు పట్టుకో. మెల్లగా. ఆ... ఆ... అక్కడిదాకా వస్తుందిలే. ఇంకొంచెమా? వస్తుంది. ఆఁ, వచ్చేసింది. చెవి పక్కకి వచ్చేసింది. నిజమే. ఏం చెయ్యను, దాన్ని ఆపడం తెలియలేదు నాకు.

అలా చూడకు తల్లీ. అబద్ధాలాడ్డంలో ఇంత చేతగానివాణ్ణి ఆ గదిలో ఇన్నేళ్ళు ఎలా ఉంచారా అనేగా? నాకూ అదే ఆశ్చర్యం.

మొన్న మా అక్క ఫోన్ చేసింది. ఏడుస్తోంది. తిడుతుందనుకున్నా. "తమ్ముడూ, ఏడుగురిలో ఒక్కడు మనిషి లేడు, నువ్వొక్కడివి నిలబడ్డావురా, తోడబుట్టినవాడివనిపించావు" అంది. ఫోన్ ఏ చేత్తో పట్టుకున్నానో కూడా తెలియలేదు నాకు.

జీపు సంగతి కూడా చెప్పింది. ఎందుకడిగానో! సమ్మెలో ఉన్న ఒకాయన భార్యకి మిల్లు గేటు ముందే నొప్పులొచ్చాయట. నెలలు నిండలేదు. వీధిలో ఇంకో బండి లేదు. బావ వెళ్ళి యజమాని జీపుకి అడ్డం నిలబడి, డ్రైవర్ని అదిలించి, ఆ అమ్మాయిని వెనక పడుకోబెట్టి, తను ముందెక్కి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. యజమాని అసలా జీపులో లేనే లేడు! బిడ్డ దక్కలేదట. ఆ తల్లిదండ్రుల్ని సాక్ష్యానికి పిలిపించడం ఇష్టం లేక నోరు మూసుకున్నాడట. అక్కచేత కూడా ఒట్టు వేయించుకున్నాడు. నాకు చెప్పింది, తమ్ముణ్ణి కదా అని.

అవును, నేను వెళ్ళి చెప్పొచ్చు. గురువారం దాకా ఎందుకు, ఇప్పుడే వెళ్ళి చెప్పొచ్చు. అంత తేలిక కాదమ్మా. బావ తప్పు లేదని తేలిందనుకో, వాళ్ళు చేతులు దులుపుకుని లేస్తారా? తప్పుడు ఉత్తరం రాసినవాడెవడు, అని మొదలెడతారు. అది మాకు ఇంకా పెద్ద నేరం. ఆ ఉత్తరం కార్యదర్శి సొరుగులో ఉంది.

ఏమంటావ్? అలా రాయొచ్చా? 'రోగి చెప్పినదాని ప్రకారం, కుడిచెయ్యి పైకి లేవడం లేదు, పెన్ను పట్టుకోలేకపోతున్నారు.' అంటే నీ మాట కాదు, నా మాటే రాస్తావన్నమాట. తెలివైనదానివి. నువ్వు ఎవరి మనిషివీ కావనుకుంటా. నిన్ను అనుమానించినందుకు క్షమించు. రాయి. రాసెయ్.

సంతకమా? నాదా?

అవునులే, చెప్పినవాడు పెట్టాలిగా. పెన్ను పట్టుకోలేనని చెప్పిన కాగితం మీద కుడిచేత్తో చక్కగా సంతకం పెట్టి పంపిస్తే ఏమంటారు వాళ్ళు? ఆ సోమవారం నుంచీ హాజరు పుస్తకంలో కూడా గుమాస్తా చేతే రాయిస్తున్నాను.

ఎడమ చేత్తో వద్దు.

రాక కాదు. వచ్చు. వద్దన్నానా! ఎందుకంటే ఏం చెప్పను...

కొంచెం నీళ్ళున్నాయా?

ఎడమచేతి రాత వాళ్ళ దగ్గరుందమ్మా. నాలుగు లైన్లు. పక్కన పెట్టి చూస్తే చిన్నపిల్లాడు కూడా గుర్తుపడతాడు.

నేనే రాశాను. ఆ వీధి మలుపులో నిలబడి చూశాను బావ జీపులో పోవడం. వెనక ఎవరున్నారో చూడలేదు. అడగొచ్చు కదా? సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి, ఏం బావా, ఎక్కడికెళ్ళావని అడగొచ్చు. తట్టలేదు నాకు! ఆ గదిలో అన్నేళ్ళు కూర్చుంటే మనిషిని అడగడం పోతుంది, నివేదించడం మిగులుతుంది. అప్రమత్తత అంటాం దాన్ని. ఇంకోటి కూడా ఉంది, దాచడమెందుకు. వచ్చే ఏడు కార్యదర్శి దిగిపోతాడు. అందరి నోటా బావ పేరే నలుగుతోంది. నా పేరు ఒక్కడు, మాటవరసకైనా, అనలేదు. అది కడుపులో మండింది.

సిగ్గుగా ఉంది. నిజంగా సిగ్గుగా ఉంది తల్లీ. రాసిన నాడు లేదు. గ్లాసు జరిపాడు చూడు, అప్పుడొచ్చింది.

ఈ కాగితం చింపెయ్యనా అంటావా? వద్దు. ఉంచు. ఏం చేస్తాను చింపి? ఈ వయసులో ఆ గదిలోంచి బయటికొస్తే నన్ను పలకరించేవాడెవడు? బావకైతే అక్క ఉంది, మిల్లు జనం ఉన్నారు, వీధిలో ఆగి మాట్లాడేవాళ్ళున్నారు. ఆయన బతుకుతాడు. నాకు ఆ కుర్చీ తప్ప ఏముంది?

అదేంటి, ఆ సిరా డబ్బా? ఓహో, చదువురానివాళ్ళ కోసమా. చదువుకున్నవాడు వాడకూడదని రూలేం లేదుగా? చెయ్యి పట్టేసినవాడు వేలిముద్ర వేశాడంటే ఎవరు కాదంటారు?

నీకు తెలుసా, ఆ మిల్లు గేటు ముందే, షిఫ్టు దిగినవాళ్ళని బెంచీల మీద కూర్చోబెట్టి సంతకాలు నేర్పేవాళ్ళం, బావా నేనూ. వేలిముద్ర వేశావంటే నీ మెడ నువ్వే ఎదుటివాడి చేతిలో పెట్టినట్టురా అని చెప్పేవాణ్ణి. ఎంతమందికి నేర్పానో!

ఇలా జరుపు. ఎడమ బొటనవేలేగా? ఎక్కడ నొక్కాలో చూపించు.