మగ్గం మీది పోగులు

ధర్మవరంలో మగ్గాల షెడ్డు ముందు, ఆకువక్క పట్టుకొని వచ్చిన నేతగాడికి సావుకారి ఎదురుపడ్డాడు.

"పని మానుకుంటాండా సావుకారీ. మర్యాదగా చెప్పి పోదామని వచ్చినా."

"ఈ కరువులో యాడికి పోతావప్పా?"

"బెంగళూరికి. కూలికి."

"సరే, పో. పాత పోగులు మగ్గానికే ఉంచినావు గదా? వచ్చేవాడు కొత్తవి వాటికే అతకల్ల."

"అవి నా పెండ్లాం అతికినవి."

"మంచి చెయ్యి ఆయమ్మది."

"జ్వరంతో అతికింది. ఆస్పత్రికి పోతామంటే, అతుకు ముగించి పొమ్మంటిరి."

"ఇప్పుడెందుకప్పా అవన్నీ? పోగులు కోసినోనికి ఈ ఊర్లో ఎవురూ మళ్లీ మగ్గమియ్యరు. తెలుసు గదా?"

"తెలుసు."

"అందుకే చెప్తాండా. ఉంచి పో."

"ఆకువక్క తీసుకోండి సావుకారీ. పోగులు పొద్దున్నే కోసినా. ఆమెను పూడ్చినకాడ పెట్టొచ్చినా."