బాయి పని, పదేండ్ల అనుభవం

నా పేరు నర్మద, భర్త పేరు శ్యాంసుందర్, వయసు 31 సంవత్సరాలు. శ్రీరాంపూర్ బస్టాపు దగ్గర జిరాక్స్, డీటీపీ షాపు నడుపుతాను. మా బాపు బొగ్గుబాయిలో దిగి పనిచేసి రిటైర్ అయ్యాడు. మా కాలనీలో బాయి అంటే బొగ్గుబాయే. ఈ మాట ముందే రాసుకోమని ఎస్సై సారును అడిగాను.

11.3.2024 సోమవారం ఉదయం పదిన్నరకు ముత్యం అనే మనిషి షాపుకు వచ్చాడు. వాళ్లది మెట్‌పల్లి దగ్గరి పల్లె, అక్క మా కాలనీలోనే ఉంటుంది. వేరే రాష్ట్రంలో బొగ్గు తవ్వించే కాంట్రాక్టరు పన్నెండు మందిని తీసుకుంటున్నాడని, బయోడేటా కావాలని అన్నాడు.

"రెండు వందల మంది వస్తున్నరట మేడం. నా కాయితం జర అందర్లకెల్లి వేరే కనబడాలె."

ఇంతకుముందు ఏం పని చేసినవని అడిగాను. బాయికాడ పని అన్నాడు. లోపటికి దిగినవా అని కూడా అడిగాను.

"దిగకుంటె ఎట్ల మేడం? పదేండ్ల సంది నేనే దిగుతున్న."

బొగ్గుగనిలో పదేళ్ల అనుభవం అని ఇంగ్లీషులో, అన్నిటికన్నా పైన, పెద్ద అక్షరాలతో కొట్టి చుట్టూ డబ్బా గీశాను. పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం వచ్చు అని నేనే కలిపాను. అది మా బాపు చేసిన పని. ముత్యం ఆ మాట చెప్పలేదు. అతనికి ఇంగ్లీషు చదవడం రాదు. మస్తుగున్నది మేడం అని సంతకం పెట్టి తీసుకుపోయాడు.

18వ తారీఖు సోమవారం సాయంత్రం నాలుగింటికి ఒక కవరు పట్టుకుని మళ్లీ వచ్చాడు. చాలా సంతోషంగా ఉన్నాడు.

"అందరి కాయితాలల్ల నాదే పైన పెట్టిండ్రట మేడం. గియ్యాల ఆరింటికి రైలు. గీ పసుపు కొమ్ములు ఉంచుకోండ్రి, మా బాయికాడియే."

"బాయికాడ పసుపేంది?" అన్నాను.

"మా పొలం బాయి మేడం. రెండెకరాలు పసుపే ఏస్తం," అని నవ్వాడు.

అతను పదేండ్లుగా దిగింది పొలంలోని నీళ్ల బావిలోకి, బొగ్గుబాయిలోకి కాదని అప్పుడు తెలిసింది. అతను మెట్లు దిగి పోతున్నాడు. నేను పిలవలేదు. ఉద్యోగం దొరికింది కదా, అక్కడ నేర్పుతారులే అనుకున్నాను. నా కాగితమే గెలిచిందని సంబరం కూడా ఉండె సారు.

ఈ రోజు 26వ తారీఖు ఉదయం స్టేషనుకు పిలిపించారు. అనుభవం ఉన్నవాడని ముత్యంను దుంగలు పెట్టడానికి అందరికన్నా ముందు పంపారట. 23వ తారీఖున కప్పు కూలిందట. రెండు కాళ్లు తీసేశారట. రెండూనా అని అడిగాను. రెండూ అన్నారు సారు. మళ్లీ అడిగాను.

ఇప్పుడు దొంగ కాగితంతో మోసం చేశాడని కాంట్రాక్టరు అతని మీదనే కేసు పెట్టాడట. ఆ కాగితంలో సంతకం ఒక్కటే ముత్యంది. మిగతాదంతా నాది. పసుపు కవరు విప్పలేదు, వెంట తెచ్చాను.

రాసిందంతా సారు నాకు చదివి వినిపించారు. నర్మద పొరపాటు పడింది అని ఒకచోట ఉంటే ఆపి, 11వ తారీఖుది పొరపాటు, 18వ తారీఖుది పొరపాటు కాదు అని దిద్దించాను. ఇప్పుడు ఉన్నది నిజమని ఒప్పుకుని సంతకం చేస్తున్నాను.

(సం.) నర్మద