పద బావా

సాయంత్రం జనమందరి ముందు అతనికి ధైర్యానికి మెడల్ ఇస్తారు. గుమ్మంలో వీధివైపు తిరిగి కూర్చుని బూట్లు తుడుచుకుంటున్నాడు. వెనక భార్య అతని యూనిఫాం ఇస్త్రీ చేస్తోంది.

“ఏవండీ, మిమ్మల్నే! ప్రాణం పోయేముందు మా తమ్ముడు మిమ్మల్ని పిలిచాడా లేదా? నిన్న వచ్చింది మొదలు ఇదే వరస, ఉలుకూ పలుకూ లేదు. ఏవండీ!”

“అబ్బ! భుజం పట్టుకుని అలా కుదిపేస్తావేంటి? హడలి చచ్చాను.”

“గొంతు చించుకుంటున్నా వినపడలేదా?”

“వినపడింది. ఈ బూటు మరక పోవట్లేదని...”

“ఏమడిగానో చెప్పండి చూద్దాం.”

“భోజనానికి రమ్మన్నావు.”

“మా తమ్ముడి గురించి అడిగాను.”

“అదే... అది తర్వాత మాట్లాడుకుందాం. టైమవుతోంది.”

“అటు తిరక్కండి. నా మొహం చూడండి. మీకు... మీకు చెవులు వినపడట్లేదా?”

“మెల్లగా. పక్కగదిలో అమ్మ ఉంది.”

“పూర్తిగానా?”

“పూర్తిగానే. నీ పెదాలు చూసి నెట్టుకొస్తున్నా. మిలిటరీ డాక్టర్లకి తెలుసు. ఆఖరి పేలుడుకి పోయాయనుకుంటున్నారు వాళ్ళు.”

“కాదా మరి?”

“కాదు. పొద్దున పడ్డ మొదటి బాంబుకే పోయాయి. కాసేపటికి అవే వస్తాయిలే అని ఎవరికీ చెప్పలేదు. ఈలోగా మా ఆఫీసరు వెనక్కి రమ్మని అరిచాడట. అందరూ వెళ్ళిపోయారు. నాకు వినపడలేదు, ముందుకి పోయాను. వీరుణ్ణట, నా మొహం! చెవిటోణ్ణి.”

“మరి మా బుడ్డోడు?”

“ఏంటీ? మళ్ళీ చెప్పు.”

“మా తమ్ముడు. వాడికి వినపడింది కదా! వాడెందుకొచ్చాడు మీ వెనక?”

“వాడే... వాడే అసలు మొనగాడు. తిరిగి చూస్తే వాడొక్కడే వస్తున్నాడు, పరుగో పరుగు. నోరంతా తెరిచి అరుస్తున్నాడు. ‘పద బావా, పద’ అంటున్నాడని నేను చెయ్యి ఊపి ఇంకా జోరుగా పరిగెత్తాను. మళ్ళీ చూస్తే... లేడు.”

“ఏడవకండి.”

“వెనక్కి రమ్మన్నా వాడు వెళ్ళలేదే! తెలిసీ వచ్చాడు. ధైర్యమంటే అది! సాయంత్రం మైకులో అదే చెప్తా. ఈ మెడల్ మా బామ్మర్దిది, ‘పద బావా’ అన్నాడు, ఆ మాట మీదే పోయానని చెప్తా. ఆ ఒక్క మాట పట్టుకునే బతుకుతున్నాను. నిజం, అది లేకపోతే నేనేమైపోయేవాణ్ణో. ఏంటి, లేచిపోతున్నావు?”

“చొక్కా మాడిపోతుందండీ, ఉండండి.”

“సరే, చూసుకో.”

“ఇప్పుడు నా మొహం కనపడదుగా మీకు... ‘ఆగు బావా’ అన్నాడండీ వాడు. ‘ఆగు బావా, వెనక్కి రా’ అన్నాడు. మిమ్మల్ని లాక్కొద్దామని పరిగెత్తాడు. మీకంటే ముందే సెలవు మీద వచ్చిన మీ జీపు డ్రైవరు తన చెవులారా విన్నాడట, మొన్న బజార్లో చెప్పాడు. తమ్ముడు పిలిచినా ఆగలేదు ఈ మనిషి అని లోపల్లోపల మిమ్మల్నెంత తిట్టుకున్నానో! అయ్యో, నా తండ్రీ... నా చిట్టి తమ్ముడూ...”

“నీ భుజాలు కదులుతున్నాయి. ఏదో అంటున్నావు. ఇటు తిరిగి చెప్పు.”

“ఏం లేదండీ. ‘పద బావా’ అనే అన్నాడు మావాడు. మైకులో గట్టిగా చెప్పండి.”