గుమ్మం బయట నిలబడు

(మధ్యాహ్నం. మెట్ల మీద, సగం తెరిచిన తలుపు దగ్గర తల్లీ కూతురూ.)

"...ఇంకోసారి చెప్తున్నా. నాన్నా అనకు. మాస్టారూ అను."

"నోరు జారితే?"

"జారనివ్వకు. నీ పేరు చెవిన పడితే చాలు, తలుపు దగ్గరికి పరిగెత్తుతారు. మొన్న ఈ మెట్ల మీదే పడబోయారు. ట్యూషన్‌కి కొత్త పిల్ల వస్తోందని చెప్పి ఉంచా."

"ఈ వయసులో పిల్లనా అమ్మా నేను? జుట్టు నెరుస్తోంది."

"ఆయనకి ఇప్పుడు అందరూ పిల్లలే. నన్ను కూడా హోంవర్కు చేశావా అని అడుగుతారు ఒక్కోరోజు."

"మొహం చూస్తే? కొంచెమైనా గుర్తుపట్టరా?"

"ఆశలు పెట్టుకోకు తల్లీ. ఒక పాఠం విని వెళ్ళు. అదే పదివేలు."

"నాకు పదివేలు వద్దు. లోపలికి రా అని ఒక్క మాట అనాలి. ఆ రోజు నన్ను గెంటేసిన నోటితో అనాలి."

"గెంటేశారని ఎందుకంటావే..."

"గెంటినట్టే కదా!"

"ఎవరే అది? గుమ్మంలో ఆ గుసగుసలేమిటి?"

"కొత్త పిల్లండీ. ట్యూషన్‌కి తీసుకొస్తున్నా."

"ఆలస్యం. కూర్చో అమ్మాయ్. ఆ కుర్చీ కాదు, అది కుంటిది. ఆ, అందులో. ఇవాళ్టి ఇంగ్లీషు పాఠం మేక్ అప్. పుస్తకం మూసెయ్."

"పుస్తకం తేలేదు మాస్టారూ."

"మంచి పని చేశావ్. విను. ఈ మేక్ ఉన్నాడే, ఒంటరిగా ఉన్నంతసేపు బుద్ధిమంతుడు. పక్కన అప్ చేరిందా, ఎప్పుడు ఏ వేషం కడతాడో వాడికే తెలీదు. ఒక్కో అర్థానికి ఒక్కో వాక్యం. మీ ఇంట్లో జరిగిందే చెప్పాలి. ముందు తెలుగులో నిజం చెప్పు, ఇంగ్లీషు దాని వెనకే నడిచొస్తుంది. అబద్ధం చెప్తే ఏమవుతుందో తెలుసా?"

"తెలుసు. గుమ్మం బయట నిలబడాలి."

"నీకెవరు చెప్పారు?"

"...పాత పిల్లలు."

"ఊ. నేను పిలిచేదాకా నిలబడాలి, కదలకూడదు. సరే, కానీ. అందరికీ తెలిసిన అర్థం ముందు."

"ముఖానికి వేసేది. మేకప్. నా పని అదే మాస్టారూ. నాటకాల వాళ్ళకి వేస్తాను. నిన్న మీసాలు కూడా రాని కుర్రాణ్ణి పండు ముసలివాణ్ణి చేశాను."

"అదీ ఒక పనేనా?"

"మీరు అలాగే అంటారని తెలుసు."

"ఉండు, ఉండు. నాటకం అయ్యాక కడిగితే ఆ ముసలితనం పోతుందా?"

"పోతుంది."

"అయితే గొప్ప పనే. నాకూ ఓసారి కడిగి పెట్టు."

"ఏమండీ, ఈ మాత్ర వేసుకోండి."

"పాఠం మధ్యలో మాత్రలేమిటే! అక్కడ పెట్టు. ఊ, రెండోది?"

"లేనిది కల్పించి చెప్పడం."

"వాక్యం?"

"నేను... కాలేజీకి వెళ్తున్నానని మా నాన్నకి రోజూ కట్టుకథలు చెప్పి, మేకప్ నేర్చుకోడానికి పోయేదాన్ని."

"నమ్మాడా?"

"నమ్మారు. సాయంత్రం ఇవాళ ఏం పాఠం చెప్పారని అడిగేవారు. అదీ కల్పించేదాన్ని."

"పాపం, వెర్రిబాగులాయన. ఏం చేసేవాడు?"

"ఇంగ్లీషు మాస్టారు."

"ఇంకేం! ఊళ్ళో పిల్లలందరి అబద్ధాలూ పట్టుకుంటాడు, ఇంట్లోది పట్టుకోలేడు. దీపం కిందే చీకటి. మూడోది, పక్క సర్దడం. ఇది మా ఆవిడ చెప్తుంది. ఏమే, చెప్పు!"

"నాకెందుకండీ ఇప్పుడు..."

"చెప్పమన్నానా!"

"...మా అమ్మాయి గదిలో రోజూ పక్క వేస్తాను. దుప్పటి మారుస్తాను, దిండు దులుపుతాను. పడుకునేవాళ్ళు లేరు."

"నిజమే, నేను చూశా. ఇంగ్లీషులో?"

"నాకు రాదండీ."

"రాకపోతేనేం, నిజం చెప్పావ్. కూర్చో."

"అమ్మా... ఇన్నాళ్ళూనా?"

"మా ఆవిణ్ణి అమ్మా అంటావేం అమ్మాయ్?"

"మాస్టారి భార్యని అమ్మా అనకూడదా?"

"అనొచ్చులే. నాలుగోది. పోయినదాన్ని పూడ్చుకోవడం."

"దానికి నా దగ్గర వాక్యం లేదు మాస్టారూ."

"లేకపోతే వదిలెయ్. చాలామందికి ఉండదు. తర్వాతది, ఏం చెయ్యాలో మనసులో గట్టిగా తేల్చుకోవడం."

"ఇది మీరు చెప్పండి. మీ ఇంట్లోది."

"నాదా?"

"ఏమండీ, వద్దులెండి. మాత్ర..."

"ఉండవే. రూలు మాస్టారికి మాత్రం వర్తించదా? మా పిల్ల అబద్ధం చెప్పింది. గుమ్మం బయట నిలబెట్టి తలుపేశాను. కోపం తగ్గగానే లోపలికి పిలవాలని తేల్చుకున్నాను. ఇద్దరికీ అన్నం వడ్డించమని కూడా చెప్పాను. అవునా కాదా?"

"అవునండీ. వడ్డించాను."

"తర్వాత... తర్వాత ఏమైంది మాస్టారూ?"

"తలుపు తీశాను. లేదు."

"మీరు ఇంట్లోంచి గెంటేశారని అనుకుందేమో."

"ఎందుకనుకుంటుంది? ఈ గదిలో, ఈ ట్యూషన్ చూస్తూ పెరిగిన పిల్ల! ఎంతమందిని నిలబెట్టలేదు నేను? ఎవడైనా వెళ్ళిపోయాడా? పిలిచేదాకా ఆగాలని దానికి తెలీదూ?"

"వాళ్ళు పరాయి పిల్లలు. మీరు నిలబెట్టినా పోవడానికి వాళ్ళకి వేరే ఇల్లుంది. దానికి ఉన్నది ఈ ఇల్లొక్కటే. తండ్రే దాని మొహం మీద తలుపేస్తే..."

"ఊ."

"గెంటేసినట్టే ఉంటుంది మాస్టారూ."

"...అలాగా. అది నాకు తట్టలేదు."

"దానికీ తట్టలేదు. మీరు పిలుస్తారని."

"సర్లే. ఆఖరిది. నాకిష్టమైనది, అందుకే చివరికి దాచుకుంటాను. పోట్లాడుకున్నవాళ్ళు మళ్ళీ కలిసిపోవడం. చెప్పు."

"మా నాన్నా నేనూ... కలిసిపోయాం."

"ఎప్పుడు?"

"ఇప్పుడే."

"ఇప్పుడే ఏమిటి? ఇప్పుడు నా ఎదురుగా కూర్చున్నావ్. మీ నాన్నెక్కడ?"

"మా నాన్న..."

"ఏడుస్తున్నావా? అబద్ధానికి ఏడుపు తోడా? లే."

"ఏమండీ, పిల్లని ఏమీ అనకండి. మీ కాళ్ళు పట్టుకుంటా."

"నువ్వు ఊరుకో. ఎవరైనా ఒకటే రూలు. వెళ్ళు అమ్మాయ్, గుమ్మం బయట నిలబడు. పిలిచేదాకా కదలకు."

"అమ్మా, అడ్డం రాకు. నిలబడతాను మాస్టారూ. ఈసారి నిలబడతాను."

...

"ఏమండీ."

"ఊ."

"మాత్ర వేసుకున్నారుగా. ఇంక పిలవండి."

"ఎవర్ని?"

"గుమ్మం బయట నిలబెట్టారు కదా."

"నేనా? ఎవర్ని? పిల్లనా? మన పిల్లనా? అయ్యో, కర్ర ఏదే? ఇలా ఇయ్యి! ముందే చెప్పవేం, వెళ్ళిపోతుంది అది!"

"మెల్లిగా, మెల్లిగా. పడతారు. నేను తీస్తా తలుపు."

"తియ్యి తొందరగా! ఉందా?"

"ఉందండీ."

"నా దగ్గర అబద్ధాలు చెప్పకు. నిన్నూ నిలబెడతాను."

"ఒట్టు. ఇక్కడే ఉంది. గోడకి ఆనుకుని కళ్ళు తుడుచుకుంటోంది."

"నేను పిలవకపోయినా ఆగిందా?"

"ఆగిందండీ. ఒక్క మెట్టు కూడా దిగలేదు."

"...అయితే మన పిల్ల కాదులే. ఎవరి పిల్లో, పాపం. లోపలికి రమ్మను."