వియ్యంకుడి గీతలు, నా పూత

అధ్యక్షస్థానంలో కూర్చున్న మా మేనేజరు గారికీ, పనులు మానుకుని వచ్చిన ముఖ్య అతిథి, పడవల సంఘం కార్యదర్శి గారికీ, ముందు వరుసలోని పెద్దలకూ, వెనక కూర్చుంటే నాకు కనబడమనుకుని అప్పుడే టీలు మొదలుపెట్టిన డ్రిల్లింగు సెక్షన్ మిత్రులకూ, నేను మైకు పట్టుకోగానే గడియారం చూసుకున్న మా ఆయనకూ, నా రిటైర్మెంటు సభకు వచ్చిన అందరికీ నమస్కారం.

నాకంటే ముందు మాట్లాడినవారు నన్ను సహనమూర్తి అన్నారు. ఆ మాట చెవిన పడగానే మూడో కుర్చీలో ఉన్న మా వియ్యంకుడు గారికి పొలమారింది. (నవ్వులు) మంచినీళ్ళు తాగారా అన్నయ్యగారూ? నెమ్మదిగా తాగండి, తొందరేం లేదు, ఇవాళ మీ సంగతి చెప్పకుండా నేను దిగను.

మా ఆడపడుచు ఇన్నేళ్ళ తర్వాత కూడా నన్ను పెయింటరనే అనుకుంటోంది కాబట్టి, ఆవిడ కోసం ముందుగా ఒక్క ముక్క చెబుతాను. వదినా, మేం తయారుచేసేది సర్క్యూట్ బోర్డులు. నీ ఇంట్లో రేడియో మూత విప్పితే లోపల పచ్చగా కనబడే పలక ఉంటుందే, అదే. ముందు మేడమీది గదిలో మా వియ్యంకుడు గారు కంప్యూటరు మీద గీతలు గీస్తారు. కరెంటు నడవాల్సిన దారులన్నమాట. రాగిరేకు అతికించిన పలకకు డ్రిల్లింగు వాళ్ళు వెంట్రుకవాసి కన్నాలు పొడుస్తారు, ఆ కన్నాల లోపలి గోడలకు రాగి పట్టిస్తారు, తర్వాత ఆయన గీసిన గీతలు తప్ప మిగతా రాగినంతా మందుతొట్టిలో కరిగించేస్తారు, పైన పచ్చరంగు, దానిమీద సన్నని తెల్ల అక్షరాలు, ఆపైన పార్టులు అతకడం, కడగడం, ఓవెన్‌లో ఆరబెట్టడం, ఇవన్నీ అయ్యాక కింద గదిలో ఉన్న నా దగ్గరికి వస్తుంది. నేను దానిమీద నీళ్ళలాంటి వార్నిష్ పూత వేస్తాను, తేమా దుమ్మూ ఉప్పుగాలీ లోపలికి పోకుండా. మామూలు వెలుతురులో ఆ పూత కంటికి కనబడదు. నీలిదీపం కింద పెడితే మాత్రం వెన్నెలలా మెరుస్తుంది, ఎక్కడైనా పూత తప్పితే ఆ మేర నల్లగా తెలిసిపోతుంది. అంతే వదినా నా ఉద్యోగం. గోడలకు సున్నం కొట్టడం కాదు. (నవ్వులు)

ఇక మా అన్నయ్యగారి దగ్గరికి వద్దాం. మా అమ్మాయీ వాళ్ళబ్బాయీ ఈ ఫ్యాక్టరీ వార్షికోత్సవంలోనే ఒకరినొకరు చూసుకుని, మాకు తెలిసేసరికి పెళ్ళి దాకా వచ్చేశారు. మాకూ సంతోషమే. పైనున్న ఆయన గీతలూ, కిందున్న నా పూతా ఎలాగూ ఎన్నో ఏళ్ళుగా కాపురం చేస్తున్నాయి కదా అనుకున్నాం. మనవరాలు పుట్టేదాకా అంతా బాగానే నడిచింది. పుట్టాక పేరు దగ్గర పేచీ వచ్చింది. ఆయనకు వాళ్ళమ్మ పేరు పెట్టాలని, నాకు మా అమ్మ పేరు పెట్టాలని. "మీ అమ్మగారి పేరు పాతకాలంగా ఉంటుంది చెల్లెమ్మగారూ" అన్నారాయన. "మీ అమ్మగారేమైనా నిన్న పుట్టారా?" అన్నాను నేను. అంతే, మాటలు ఆగిపోయాయి.

సరిగ్గా అప్పుడే పడవల సంఘం వారి పని వచ్చింది. పడవలోకి నీళ్ళు చేరినా, పడవ మరీ ఒరిగినా చెవులు చిల్లులు పడేలా అరిచే డబ్బా కావాలన్నారు. దాని బోర్డుకు ముందు నమూనా చేసి చూపించాలి, నచ్చితేనే అసలు ఆర్డరు. అప్పట్లో మా ఫ్యాక్టరీలో సగం బల్లల మీద పనిలేక గుడ్డలు కప్పి ఉండేవి. ఆ ఆర్డరు రాకపోతే ఆ బల్లల వెనక కూర్చునేవాళ్ళను ఇళ్ళకు పంపించెయ్యాల్సి వస్తుందని మేనేజరు గారు బయటికి చెప్పలేదు గానీ, ఆయన మొహం చూసి అందరికీ తెలిసిపోయింది.

నమూనా తయారైంది. ఉప్పునీటి ఆవిరి నింపే పెట్టె ఒకటి ఉంది మా దగ్గర, సముద్రంలో ఏళ్ళ తరబడి పడే బాధంతా అందులో కొద్ది రోజుల్లో పడుతుంది బోర్డు. బయటికి తీసి మీట నొక్కితే డబ్బా కిక్కురుమనలేదు. చూస్తే పూత కింద రాగి పచ్చగా చిలుం పట్టి పొంగి ఉంది. "పూత బాగోలేదు" అని పైనుంచి కబురు. "గీతలు మరీ దగ్గరగా ఉన్నాయి" అని కిందినుంచి కబురు. మళ్ళీ చేశాం, మళ్ళీ అదే మౌనం.

ఈ కబుర్లు మోసినవారు ఎవరనుకున్నారు? ఈ సభాధ్యక్షులే. పాపం, పొద్దస్తమానం మెట్లెక్కడం, మెట్లు దిగడం. పైగా మొదటి నమూనా నాడే మా వియ్యంకుడు గారు కొత్త నియమం పెట్టారు, కడిగి ఆరబెట్టిన బోర్డును పూత వేసేముందు తన కళ్ళతో చూసుకోవాలని. చూసుకోవాలంటే కిందికి రావాలి, వస్తే నేనుంటాను. అందుకని మేనేజరు గారే బోర్డును పైకి తీసుకెళ్ళి చూపించి, కిందికి తెచ్చి నా బల్ల మీద పెట్టేవారు.

ఇంతలో మా అన్నయ్యగారు ఇంకో దారి కనిపెట్టారు. నమూనా పలక చుట్టూ చివర్లో కోసి పారేసే అంచు ఉంటుంది. ఒకరోజు చూద్దును కదా, ఆ అంచు మీద తెల్ల అక్షరాలతో ముచ్చటగా అచ్చువేసి ఉంది: "పూత వేయువారు దయచేసి మెలకువగా ఉండగలరు." (నవ్వులు) నేను ఊరుకుంటానా? సన్నని కుంచె తీసుకుని, కంటికి కనబడని ఆ వార్నిష్‌తోనే పక్కన రాశాను: "గీతలు గీయువారు దయచేసి కళ్ళజోడు ధరించగలరు." నీలిదీపం ఆయన గదిలో లేదు కాబట్టి అది ఆయనకు ఎప్పటికీ కనబడదని నాకు తెలుసు. అయినా రాసినందుకే కడుపు చల్లబడింది.

ఆ బోర్డు కూడా ఉప్పు పెట్టెలోంచి మూగగానే బయటికొచ్చింది. అదే సమయానికి మన ముఖ్య అతిథి గారు, చెప్పాపెట్టకుండా, నా గదిలో అడుగుపెట్టారు, వెనకే మేనేజరు గారు.

"ఈ పూత ఎలా ఉంటుందో నేనోసారి చూడాలమ్మా," అన్నారు.

కాదనడానికి వీల్లేదు. లైటు ఆపి నీలిదీపం వెలిగించాను. బోర్డుతోపాటు నా చేతిరాత కూడా దేదీప్యమానంగా వెలిగింది. ఆవిడ వంగి, ముందు తెల్ల అక్షరాలు చదివారు, తర్వాత నీలి అక్షరాలు పైకే చదివారు. నాకు ఆ వార్నిష్ డబ్బాలో దూరి మూత పెట్టుకోవాలనిపించింది.

"ఎవరండీ వీళ్ళిద్దరూ?" అని మేనేజరు గారిని అడిగారు.

"బంధువులండీ," అన్నారాయన.

"బంధువులా?"

"వియ్యాలవారండీ."

"ఓహో, అలా చెప్పండి," అన్నారావిడ. (నవ్వులు)

మా అన్నయ్యగారికి కబురెళ్ళింది. ఆయన వచ్చి నీలిదీపం కింద తన గౌరవార్థం వెలుగుతున్న వాక్యాన్ని చదువుకుని, కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. మేం తిట్లు తినడానికి సిద్ధంగా నిలబడ్డాం. ఆవిడ తిట్టలేదు. అమ్మా, మీ అనుమతి లేకుండా ఆరోజు మీరన్నమాట ఇక్కడ చెబుతున్నాను, క్షమించండి.

"మా తమ్ముడి పడవలో కూడా ఓ డబ్బా ఉండేదండీ," అన్నారు. "వేరేచోట కొన్నది. పడవలోకి నీళ్ళొచ్చాయి, అది అరవలేదు. లోపలంతా ఇదిగో, ఇలాగే పచ్చగా చిలుం. నూనె డ్రమ్ము పట్టుకుని తేలుతుంటే ఎవరో చూసి లాగారు కాబట్టి బతికాడు. అప్పట్నుంచి ఒడ్డు దాటి అడుగెయ్యడు. వలలు బాగుచేసుకుంటూ కూర్చుంటాడు. మీలో ఎవరిది తప్పో నాకక్కర్లేదు. నాకు అరిచే డబ్బా కావాలి."

(కాసేపు ఆగి) తర్వాత మా అన్నయ్యగారే స్టూలు లాక్కుని నా బల్ల దగ్గర కూర్చున్నారు. భూతద్దం తీసి ఆ పచ్చటి మచ్చ మీద పెట్టారు. చాలాసేపు చూశారు.

"చెల్లెమ్మగారూ, ఓసారిలా రండి. నా గీతలు ఇంత వంకరగా ఉండవు కదా?"

చూశాను. చిలుం గీతలు గీతలుగా, వంపు లోపల వంపుగా పట్టింది. "నా కుంచెతో కూడా ఇలా రాదండీ అన్నయ్యగారూ," అన్నాను.

"పోయినసారి బోర్డు తియ్యండి."

తీశాం. అక్కడా అదే ఆకారం. ఆ ముందుదాని మీదా అదే. ఇద్దరం ఒకేసారి తలెత్తి, ఒకేసారి అన్నాం: "వేలిముద్ర!"

నా చేతికి ఎప్పుడూ తొడుగులుంటాయి. ఆయనా తొడుగులు లేనిదే బోర్డు ముట్టుకోరు. "ఏమిటండీ, పోలీసు కేసులా మాట్లాడుతున్నారు?" అంటూ ముందుకొచ్చిన మేనేజరు గారు, జేబులోంచి ఉప్పు పల్లీలు తీసి నోట్లో వేసుకుని, చెయ్యి దులుపుకుని, అదే చేత్తో బోర్డు అందుకోబోయారు. (నవ్వులు) ఆ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆయన బొటనవేలికి అడ్డంగా పాత గాటు ఒకటి ఉంది, ఇప్పటికీ ఉంది, అనుమానమున్నవాళ్ళు సభ అయ్యాక చూసుకోవచ్చు. చిలుం మధ్యలోనూ అడ్డంగా అదే గాటు. కడిగి ఆరబెట్టిన బోర్డు మీద, నేను పూత వేసే ముందు, సాక్షాత్తూ మేనేజరు గారే ఉప్పు పెట్టి పంపిస్తున్నారు. దానిమీద నేను ఎంత శ్రద్ధగా పూత వేస్తే ఉప్పు అంత భద్రంగా లోపలుండిపోయింది.

అమ్మా, మేనేజరు గారి శ్రీమతిగారూ, డాక్టరు ఉప్పు మానమన్న సంగతి మాకు తెలియదండీ, ఆరోజే ఆయన నోటే విన్నాం, "ఇంట్లో చెప్పకండి" అంటుంటే. (నవ్వులు, చప్పట్లు) అయినా తప్పు ఆయన ఒక్కరిదే అనను. మేమిద్దరం మాట్లాడుకుని ఉంటే ఆయన చేతికి బోర్డు చేరేదే కాదు.

ఆ తర్వాత వాదించుకున్నాం, కానీ ఒకే బల్ల దగ్గర కూర్చుని. పొడుగాటి పార్టు ఒకటి అడ్డం వచ్చి దాని వెనక పూత పడటం లేదని నీలిదీపం కింద చూపించాను, ఆయన దాన్ని పడుకోబెట్టి మళ్ళీ గీశారు. అంచులకు పూత పలచనవుతోందని ఆయనన్నారు, నిజమే, రెండోసారి కుంచెతో వేశాను. ఓవెన్‌లోంచి బోర్డు తిన్నగా నా చేతికే వచ్చింది. మేనేజరు గారిని ఆ దరిదాపులకు రానివ్వలేదు.

ఉప్పు పెట్టె తెరిచిన రోజు ఫ్యాక్టరీ అంతా చుట్టూ మూగింది. మీట నొక్కారు. అరిచింది చూడండీ, డ్రిల్లింగు వాళ్ళు చెవులు మూసుకుని పరుగెత్తారు. మా అన్నయ్యగారు ఆపబోతే పడవల అమ్మగారు ఆయన చెయ్యి పట్టుకున్నారు. "ఉండనివ్వండి, ఇంకాసేపు అరవనివ్వండి," అన్నారు. గోడకానుకుని, కళ్ళు మూసుకుని, ఆ గోల వింటూ నిలబడ్డారు.

ఆ గోలలోనే మా అమ్మాయి ఫోను. పాపకు పేరు పెట్టేశారట, కాగితాల్లో కూడా రాయించేశారట. "మా అమ్మ పేరేనా?" అని అరిచాను. కాదట. "మా అమ్మ పేరా?" అని ఆయన ఫోను లాక్కున్నారు. అదీ కాదట. వాళ్ళిద్దరికీ నచ్చిన పేరేదో, మమ్మల్ని అడగను కూడా అడక్కుండా. ఆరోజు సాయంత్రం మేమిద్దరం వరండాలో టీ తాగుతూ, ఈకాలం పిల్లల్ని ఏకగ్రీవంగా తిట్టుకున్నాం. వియ్యాలవారి మధ్య అంతకంటే గట్టి అతుకు ఏముంటుంది! (నవ్వులు)

ఆర్డరు వచ్చింది. బల్లల మీది గుడ్డలు తీశాం. ఆ బల్లల వెనక కూర్చునేవాళ్ళు ఇవాళ నా ఎదురుగా ఉన్నారు, కొందరికి బట్టతల కూడా వచ్చింది.

నవ్వించడానికి చెబుతున్నాను గానీ, పొద్దున్న చివరిసారి తొడుగులు తీసి కొక్కేనికి తగిలించినప్పుడు నా చేతులు నావి కానట్టు అనిపించింది. రేపు పొద్దున్న లేచి ఏం ముట్టుకోవాలో నాకు తెలియదు. మా ఆయన ఇంట్లో కిటికీలకు వార్నిష్ వెయ్యమంటున్నారు. ఆ మాట మళ్ళీ అంటే ఏం జరుగుతుందో ఆయనకు తర్వాత చెబుతాను.

పోయిన నెల ఒకాయన నా గది వెతుక్కుంటూ వచ్చారు. ఎండకు నల్లబడ్డ మనిషి, గుమ్మంలోనే చెప్పులు విడిచి నిలబడ్డారు. మన ముఖ్య అతిథి గారి తమ్ముడు. మళ్ళీ పడవ ఎక్కుతున్నారట. "మా డబ్బాకు పూత వేసింది మీరేనటగా, ఓసారి చూసిపోదామని వచ్చానండీ," అన్నారు. బల్ల మీదున్న బోర్డు ఆయన చేతికిచ్చాను. అటు తిప్పారు, ఇటు తిప్పారు, వెలుతురుకు ఎత్తి చూశారు.

"మరి ఇందులో మీరు చేసిందేదండీ? నాకేం కనబడటంలేదే!" అన్నారు.

"అలా ఉంటేనే బాగా వేసినట్టండీ," అన్నాను.

ఆయన నవ్వి, బోర్డును రెండు చేతులతో మెల్లగా బల్ల మీద పెట్టి, పోటు వేళైపోతోందని వెళ్ళిపోయారు. నాకీ శాలువా, ఈ దండా, మీరన్న మంచిమాటలూ అన్నీ సంతోషమే, మీ అందరికీ చేతులెత్తి దణ్ణం పెడుతున్నాను. కానీ నాకు జరగాల్సిన సన్మానం ఆరోజే ఆ గుమ్మంలో జరిగిపోయింది. టీలు చల్లారిపోతున్నాయి, వెళ్ళి తాగండి. సెలవు.