చచ్చిన ఆవుకి కాపలా

అంత దూరాన నిలబడితే ఎలా వదినా? రా, ఇటు దగ్గరికి రా. ఈ గట్టు మీద కూర్చో. ఇదిగో, తువ్వాలు పరిచాను, నీ బట్టలకి మట్టి అంటదు. ముక్కు మూసుకోకు, ఇంకా వాసన రాలేదు. పొద్దున్నేగా పోయింది.

కూర్చున్నావు కదా. ఇప్పుడు విను.

నిన్నెందుకు రమ్మన్నానో చెప్తాను. చెప్పడానికే పుట్టాను నేను, నీకు తెలీనిదా? మందిరంలో దేవుడి కథ ఎత్తుకుంటే చంటిపిల్లలు ఏడుపు ఆపేవాళ్ళు. ఇది నోరు విప్పితే దేవుడు కూడా ఓ కునుకు తీసి లేస్తాడని అన్నయ్య వెక్కిరించేవాడు. ఎంత జనం కూర్చునేవాళ్ళు నా ముందు! ఇవాళ నువ్వొక్కదానివే. నువ్వూ, ఈ ఆవూ.

అన్నయ్యకి చెప్పి వచ్చావా? చెప్పలేదా. మంచిపని చేశావు.

సాయంత్రం పోలీసు వ్యాను వస్తుంది. తెలుసుగా నీకు. పాల సంఘంలో డబ్బాలు కడిగే గది ఉంది చూడు, నిన్న నా కొడుకుని అందులోకి తోసి బయట తాళం వేశారు. తాళంచెవి నీ మొగుడి జేబులో ఉంది. సంఘానికి పెద్ద, వాడికి మేనమామ. వాడు నడక నేర్చుకుంది ఆ చెయ్యి పట్టుకునే వదినా. తలుపు దగ్గర ఒక కాపలా, కిటికీ దగ్గర ఒక కాపలా. నేను క్యారేజీ పట్టుకెళ్తే అడుగుగిన్నె దాకా కెలికి చూశారు. అందులో ఏం దాచాననుకున్నారో, ఆవు నాలుకా?

వాడి మంచికేనట. బయట ఉంటే జనం కొట్టి చంపుతారట. లోపలుంటే వ్యాను ఎక్కిస్తారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. దీన్ని మంచి అంటారని నాకు ఇవాళే తెలిసింది.

నువ్వేం మాట్లాడకు. తల ఊపు చాలు.

మొదట పోయింది మీ ఎర్రావు. వాగు అవతల ఎక్కడో పడిపోయి ఆలస్యంగా దొరికింది. నీ కేక విని పిండి చేతుల్తోనే పరిగెత్తాను. కళ్ళు లేవు. నాలుక మొదలంటా లేదు. పొదుగు ఉండాల్సిన చోట గిన్నె బోర్లించి గీసినట్టు గుండ్రంగా కోత. నెత్తురు చుక్క లేదు. నువ్వు నా భుజం మీద తల పెట్టి ఏడ్చావు. అప్పటికి నా భుజం నీకు పనికొచ్చేదే.

తర్వాత పిండిమర ఆయన ఆవు. ఆ తర్వాత టీచరమ్మ గేదె. అన్నీ అంతే. అదే కోత, అదే పద్ధతి.

ఎవరి నోటికి తోచింది వాళ్ళన్నారు. ఆకాశంలో పళ్ళెం లాంటి వెలుగు తిరిగిందన్నాడు పిండిమర ఆయన. ఆయనకి తన ముందున్న పళ్ళెంలో ఏముందో చెప్పడానికే పెళ్ళాం కావాలి. మందుల కంపెనీల వాళ్ళు నాలుకలు పట్టుకుపోతున్నారన్నాడు బస్సు డ్రైవరు. చిరుత అన్నారు ఇంకొకళ్ళు. చిరుత పొదుగు తిని తొడ వదిలేస్తుందా, దానికేమైనా పథ్యమా? నవ్వుకున్నాం మనిద్దరం, గుర్తుందా? భయంలోనూ నవ్వుకున్నాం.

అప్పుడు నువ్వన్నావు ఆ మాట. పాలు పోయడానికి అందరూ వరసలో నిలబడి ఉండగా అన్నావు. "ఇంత నున్నగా కోసే కత్తి ఈ చుట్టుపక్కల ఎవరి దగ్గరుంది?" అని.

పేరు చెప్పలేదు. నిజం దేవుడికెరుక, నువ్వు పేరు చెప్పలేదు. పేరు చెప్పే పని లేకుండా అడిగావు.

మావాడిలా పశువుల గిట్టలు చెక్కేవాడి దగ్గర కాక ఎవరి దగ్గరుంటుంది వంకీ కత్తి? ఆవు కాలు మడిచి తన మోకాళ్ళ మధ్య పెట్టుకుని, పెరిగిన గిట్టని పండు తొక్క తీసినంత పలచగా తీస్తాడు. ఎంత పొగరుబోతు ఆవైనా వాణ్ణి తన్నదు. చచ్చిన పశువులన్నిటి దగ్గరికీ వాడు వెళ్ళాడంటున్నారు. బతికున్నవాటి దగ్గరికి వెళ్ళలేదా? ఈ ఊళ్ళో వాడు కాళ్ళు పట్టని పశువేది?

పైగా నోట్లో నాలుక లేనివాడు. గట్టిగా అడిగితే తల దించుకుంటాడు. నీ మాట వాడి చెవిన పడిన రోజున ఇంటికొచ్చి కత్తి గుడ్డలో చుట్టి గడ్డివాములో దూర్చాడు. దూర్చడం పక్కింటివాళ్ళు చూశారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఇదేనన్నారు. భయపడ్డాడు వదినా. భయపడ్డవాడు దాచుకోడా? దాచుకున్నవాడల్లా దొంగేనా?

సరే. జరిగింది జరిగింది. ఇప్పుడు ఇటు చూడు.

ఇది నా తెల్లబొట్టుది. ఒంటి మీద గాటు లేదు, బాగా చూసుకో. కళ్ళు రెండూ ఉన్నాయి. నాలుక కొంచెం బయటికి వచ్చింది, అయినా ఉంది. పొదుగు ఉంది, ఇంకా పాలతోనే ఉంది. నేను ముట్టుకోను. అధికారులు వచ్చి చూసేదాకా చచ్చిన పశువుని ఎవరూ కదపకూడదని అన్నయ్య పెట్టిన నియమమే కదా. మునుపైతే పోయిన వెంటనే ఈడ్చుకెళ్ళి పూడ్చేసేవాళ్ళం. మీ ఎర్రావు తర్వాత నుంచీ అన్నీ ఇలాగే ఎండకి పడి ఉంటున్నాయి.

మావాడు తాళం లోపల ఉన్నాడు. అన్నయ్య గడ్డివాములోంచి తీయించిన కత్తి మీ బీరువాలో ఉంది. ఇప్పుడు దీనికి కూడా అలాగే జరిగిందనుకో. చేసింది వాడు కాదని తేలిపోదూ?

ఏం వస్తుందో నాకు తెలీదు. దెయ్యం వస్తుందో, ఆ పళ్ళెమే దిగుతుందో, ఏదైనా రానీ. వచ్చినప్పుడు నువ్వు చూడాలి, నాకంతే కావాలి. నేను చూస్తే ఏం లాభం? తల్లి సాక్ష్యానికి తవ్వెడు ఊక కూడా రాదు. నీ మాటతో మొదలైంది, నీ మాటతోనే ఆగాలి.

మంచినీళ్ళు తాగుతావా? ఇదిగో. ఎండ అటు తిరిగింది, నువ్విటు జరుగు.

ఏదీ రావట్లేదేంటి? దేవుడా, జన్మంతా నీ మాటలే చెప్పాను కదయ్యా. ఒక్క పూట నా మాట నువ్వు వినకూడదా?

ఎక్కడికి లేస్తున్నావు? పాలు పితికే వేళ ఇంకా కాలేదు. కూర్చో తల్లీ, నీ కాళ్ళు పట్టుకుంటాను. వ్యాను వచ్చేలోపు ఏదో ఒకటి రాకపోదు.

ఏంటీ?

నా ఆవు సరిగ్గా ఇవాళే ఎందుకు పోయిందనా?

రోగం అనుకో. పెద్దదైపోయింది అనుకో. మొన్ననే ఈనిందంటావా. అవును, మొన్ననే ఈనింది. దూడ కొట్టంలో అరుస్తోంది, ఇక్కడికి వినిపిస్తోంది.

అలా చూడకు వదినా.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. పడనీ.

నేనే చంపాను.

వాణ్ణి లోపల పెట్టిన దగ్గర్నుంచీ మోకాళ్ళ మీదే ఉన్నాను. ఒక్క పశువు పోయేలా చెయ్యి స్వామీ, వాడు తాళం లోపల ఉండగానే పోయేలా చెయ్యి అని అడిగాను. ఎవరిదైనా సరే అన్నాను. మా వదినదైనా సరే అన్నాను, నీ దగ్గర దాచడం ఎందుకు. ఆయన పలకలేదు. ఎలా పలుకుతాడు, అదేం ప్రార్థన? పక్కింటి పశువు చావు కోరుకునే నోటితో ఆయన పేరెత్తానే అని సిగ్గేసింది. పోతే నాదే పోనీ అని లేచాను.

ఆ కోసిన జొన్నచేను చూడు. మోళ్ళకి పిలకలొచ్చాయి. ఆ లేత పిలకలు మేస్తే పశువు నిలబడ్డచోటే కూలుతుందని పశువులున్న ఇంట్లో పసిపిల్లకి కూడా తెలుసు. రోజూ ఈ దారిన వస్తుంటే ఇది అటు మెడ చాచేది, నేను తాడు పట్టి లాగేదాన్ని. పొద్దున తాడు వదిలేశాను.

వెంటనే తినలేదు వదినా. ఇవాళ ఈవిడ లాగట్లేదేంటని తల తిప్పి నా వైపు చూసింది.

తిను తల్లీ అన్నాను.

నా చేతిలో ఉన్నది ఈ ఒక్క ఆవే. దీని పాలతోనే మా పొయ్యి వెలిగేది. దీనికి ఒళ్ళు రుద్దిన చెయ్యే ఇది. రేపు ఏ మొహంతో మందిరం మెట్లెక్కుతానో, ఏ నోటితో దయ గురించి కథ చెప్తానో ఆయనే చూసుకోవాలి.

వెళ్ళి చెప్తావా? చెప్పు. తల్లి చేతులే ఇలాంటివైతే కొడుకు చేతులు ఎలాంటివో అంటారు. ఆ భయంతోనే ఇంతసేపూ నోరు కట్టుకున్నాను. ఇక నా దగ్గర నీకు చెప్పనిది ఏదీ లేదు. వాణ్ణి ఉంచుతావో పంపుతావో నీ ఇష్టం. వ్యాను వచ్చేదాకా మాత్రం కూర్చో.

నేనింక మాట్లాడను. నా గొంతు విని ఏదీ దగ్గరికి రావట్లేదేమో. చూడు, నోరు మూసుకుంటున్నాను. పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు.

…

కదలకు.

తల మీద వాలింది. కాకి. మామూలు కాకే వదినా. అటూ ఇటూ చూస్తోంది. వంగింది.

అమ్మా. కంట్లో పొడిచింది.

తోలెయ్యాలని చెయ్యి లేస్తోంది. నా చెయ్యి పట్టుకో, గట్టిగా పట్టుకో. నువ్వు మొహం తిప్పుకోకు. నాకోసం కాదు, వాడి కోసం చూడు. ఇంకొకటి వచ్చింది. నాలుక లాగుతున్నాయి. చూశావా, ముక్కుతో ఎంత నున్నగా తీసిందో. నెత్తురేదీ? లేదు. గుండె ఆగినదానికి నెత్తురెక్కణ్ణుంచి కారుతుంది? ఇన్నాళ్ళూ ఎవరం కూర్చుని చూశాం? చుట్టూ తాడు కట్టి, ముట్టుకోకండని చెప్పి, ఇళ్ళకెళ్ళి భయపడుతూ కూర్చున్నాం.

ఆగు. గట్టు కింద ఏదో కదిలింది.

కుక్క. పొదుగు దగ్గరికే వెళ్తోంది. పాలవాసన కాబోలు.

మెడకి ఎర్రపట్టీ ఉంది.

వదినా, అది మీ వాకిట్లో పడుకునేది కాదూ?

వద్దు. పిలవకు. నీ నోటికి చెయ్యి అడ్డం పెడుతున్నానని ఏమీ అనుకోకు. నువ్వు పేరు పెట్టి పిలిచావంటే తోకూపుకుంటూ నీ ఒళ్ళోకి వస్తుంది, నా కొడుకు వ్యాను ఎక్కుతాడు. తిననీ. నా ఆవు, నేనే ఇచ్చాను, తిననీ.

ఏడవకు. మీ ఎర్రావు దగ్గరికి కూడా ఇదే వెళ్ళిందని నేనన్లేదు. దాని తప్పు కూడా ఏం లేదు. కుక్క కుక్కపనే చేస్తుంది. మనమే మనుషుల పని చెయ్యలేదు.

అదిగో, రోడ్డు మీద దుమ్ము లేస్తోంది. వ్యానే. లే, నా భుజం పట్టుకుని లే.

నేను ఆవుని చంపానని చెప్పదలుచుకుంటే చెప్పు, నా పాపం నేను మోసుకుంటాను. కాని ముందు ఇప్పుడు చూసింది చెప్పు. పాల సంఘం గుమ్మంలో నిలబడి, అందరూ వినేలా, చచ్చిన ఆవు దగ్గరికి కాకులొచ్చాయి, తర్వాత మా కుక్క వచ్చింది, నా కళ్ళతో చూశాను అని చెప్పు. నవ్వుతారు. మళ్ళీ అదే చెప్పు. అన్నయ్య కళ్ళెర్రజేస్తాడు. మళ్ళీ అదే చెప్పు. నేను చెప్పే కథలన్నీ మర్చిపో వదినా, ఇదొక్కటి మర్చిపోకు. పది నోళ్ళలో పడేదాకా చెబుతూనే ఉండు.

ఏదీ, నడుస్తూ నాకొకసారి చెప్పు. మెల్లగానే అను.

మా కుక్క, అను.